పులి బొమ్మ గీసినోళ్ళది, పులి ఎవరిదీ కాదు



ఇది కాస్త పొడుగు పోస్టు. మేము ముగ్గురం కలిసి రాస్తున్నాం, అందులో ఒకరు లా చదువుతున్నారు. రెండు విడతలుగా చదివినా పర్లేదు. గేమ్ తయారు చేద్దామనుకుంటున్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళు మాత్రం చివరిదాకా చదవండి.

మన హాస్టళ్ళలో ఫ్రీ ఫైర్ తెలియని గది లేదు. ఆడటం మంచిదా చెడ్డదా అన్న గొడవ ఇక్కడ చాలాసార్లు అయ్యింది, దాన్ని మళ్ళీ తవ్వం. కొత్త సంగతి వేరే ఉంది. డిగ్రీ, బీటెక్ చదివే మన పిల్లలు కొందరు ఆడటం దగ్గర ఆగకుండా తయారు చేయడం దాకా వచ్చారు. ఒక జట్టు మన పులి-మేక ఆటని ఫోన్లోకి తెస్తోంది. ఇంకో జట్టు, అడవి జంతువుల్ని మచ్చిక చేసుకుని వాటితో కలిసి ఊరిని కాపాడుకునే ఆట మొదలుపెట్టింది. ఈ రెండో జట్టు బొమ్మలు చూపించగానే ఒకరు, ‘ఇది పోకెమాన్ కాపీ, నింటెండో వాళ్ళు కేసేస్తే మీ అమ్మానాన్నల పోడు భూమి అమ్మినా సరిపోదు’ అన్నారు. (పోడు పట్టా అమ్మడానికే వీల్లేదన్న సంగతి అలా ఉంచండి.) ఇంకొకరు, ‘జపానోడికి మన గూడెం ఎక్కడుందో కూడా తెలీదు, కానియ్యండి’ అన్నారు. పిల్లలు రెండు మాటలూ విని పని ఆపేశారు.

మా లెక్కలో ఆ రెండు మాటలూ తప్పే. ఒకటి లేని భయం పెడుతుంది, ఇంకొకటి దొంగతనానికి ధైర్యం అని పేరు పెడుతుంది. అసలు ఈ కేసులు ఎలా నడిచాయో చూస్తే మనం ఎక్కడ నిలబడాలో తెలుస్తుంది.

అందరి నోళ్ళలో ఉన్న పాల్‌వరల్డ్ గొడవతోనే మొదలెడదాం. టోక్యోలోని పాకెట్‌పెయిర్ అనే చిన్న కంపెనీ 2024 జనవరి 19న ఆ గేమ్ వదిలింది. వింత వింత జంతువులుంటాయి. గోళంలాంటిది విసిరి వాటిని పట్టుకోవాలి, వాటితో పని చేయించుకోవాలి, వాటి చేతికి తుపాకీ కూడా ఇవ్వొచ్చు. నెల రోజుల్లో రెండున్నర కోట్ల మంది ఆడారు. చూసినోళ్ళంతా ‘తుపాకీ పట్టిన పోకెమాన్’ అని పేరు పెట్టేశారు. వారం తిరక్కుండానే పోకెమాన్ కంపెనీ ‘వేరే కంపెనీ గేమ్ సంగతి పరిశీలిస్తాం’ అని ప్రకటన ఇచ్చింది. అందరూ కాపీరైట్ కేసు పడుతుందనే ఎదురుచూశారు. సెప్టెంబర్ 18న టోక్యో జిల్లా కోర్టులో కేసు పడింది కూడా. కానీ అది కాపీరైట్ కేసు కాదు, పేటెంట్ కేసు.

ఈ తేడా దగ్గర కాస్త ఆగాలి, అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. కాపీరైట్ అనేది ఒక ఆలోచనని మీరు ఏ రూపంలో పెట్టారో ఆ రూపాన్ని కాపాడుతుంది. పికాచు బొమ్మ, దాని ముఖం, దాని సంగీతం, దాని కథ, గేమ్ వెనక రాసిన కోడ్, ఇవన్నీ అందులోకి వస్తాయి. ‘జంతువుల్ని పట్టుకుని పెంచి పోటీకి దింపే ఆట’ అన్న ఆలోచన మాత్రం రాదు. పాల్‌వరల్డ్ జంతువులు పోకెమాన్ బొమ్మల్ని గుర్తుకు తెస్తాయన్నది నిజమే, గుర్తుకు రావడం వేరు, కోర్టులో కాపీ అని నిలబెట్టడం వేరు. ఇంత పెద్ద కంపెనీ, ఇంత మంది లాయర్లు ఉండి కూడా బొమ్మల పోలిక మీద కాకుండా పేటెంట్ల మీద కేసు నడపడమే మాకు పెద్ద పాఠంలా కనిపించింది.

పేటెంట్ సంగతి అలా కాదు. అది పద్ధతినే పట్టుకుంటుంది. మూడు పేటెంట్లు చూపించారు. విసిరి జంతువుని పట్టుకోవడం, జంతువు ఎక్కి తిరగడం, ఇలాంటి వాటి మీద. ఆ మూడింటికీ దరఖాస్తులు పాల్‌వరల్డ్ మార్కెట్లోకి వచ్చాకే వేశారు. 2021 నాటి పాత దరఖాస్తు నుంచి కొమ్మల్లాగా కొత్తవి తీసే వీలు అక్కడి చట్టంలో ఉంది, దాన్ని వాడుకున్నారు. చట్టం ప్రకారం అది తప్పు కాకపోవచ్చు. కానీ ఎదుటివాడి ఇల్లు కట్టడం పూర్తయ్యాక, ఆ ఇంటి గుమ్మం కొలతలు చూసుకుని హద్దు రాయి పాతినట్టు ఉంది. హద్దు రాళ్ళ సంగతి మనకి ఒకరు చెప్పాలా?

అడిగిన నష్టపరిహారం నింటెండోకి 50 లక్షల యెన్‌లు, పోకెమాన్ కంపెనీకి 50 లక్షల యెన్‌లు, పైన వడ్డీ. మొత్తం కోటి యెన్‌లు, మన రూపాయల్లో సుమారు 55 లక్షలు. ఆ కంపెనీలకి అది చిల్లర డబ్బు. అసలు కోరిక, గేమ్‌ని ఆపించడం. తీర్పు రాకముందే, 2024 నవంబర్ చివర్లో పాకెట్‌పెయిర్ గోళం విసిరి జంతువుని బయటికి రప్పించే పద్ధతి తీసేసింది. 2025 మేలో, జంతువుని పట్టుకుని గాల్లో తేలడం కూడా మార్చేసింది. అంటే ఓడిపోకుండానే ఆట మార్చుకోవాల్సి వచ్చింది. రెండున్నర కోట్ల మంది ఆడిన గేమ్ పరిస్థితే ఇది, ఇంక లాప్‌టాప్ కూడా ఇద్దరు పంచుకునే మన పిల్లల సంగతి చెప్పాలా అని అడుగుతారు. చెప్తాం.

ముందుగా, ఆటలో చేసే పని మీద పేటెంట్ అన్నదాన్ని మేము ఒప్పుకోం. వాగులో వల విసిరే పద్ధతి మీద ఒకడు హక్కు రాయించుకుంటే రేపు చేపలు పట్టేవాళ్ళంతా వాడి దగ్గర చీటీ తెచ్చుకోవాలా? మన దేశపు చట్టం ఈ విషయంలో మేలు. పేటెంట్ల చట్టం 1970లో మూడో సెక్షన్ చదవండి, చిన్నదే. ఆట ఆడే పద్ధతి ఆవిష్కరణ కిందికి రాదని క్లాజు (ఎం)లో ఉంది. ఉత్త కంప్యూటర్ ప్రోగ్రామ్ రాదని (కె)లో ఉంది. సంప్రదాయ జ్ఞానానికి పేటెంట్ లేదని (పి)లో ఉంది. పైగా పేటెంట్ ఏ దేశంలో తీసుకుంటే ఆ దేశంలోనే చెల్లుతుంది. కాబట్టి జపాన్ పేటెంట్ చూపించి పాడేరులో గేమ్ ఆపలేరు. అయితే ప్లే స్టోర్‌లో పెట్టేటప్పుడు ఏ దేశాల్లో దొరకాలో మనమే ఎంచుకుంటాం. అక్కడ అన్ని దేశాలకీ టిక్కు పెట్టేస్తే అన్ని దేశాల చట్టాలూ నెత్తికెక్కించుకున్నట్టే. మొదట మన దేశానికి పెట్టుకోండి చాలు.

నింటెండో గురించి ఒక పాత కథ చెప్పకుండా ముందుకెళ్ళలేం. 1982లో అమెరికాలో యూనివర్సల్ స్టూడియోస్ వాళ్ళు నింటెండో మీద కేసేశారు. డాంకీ కాంగ్ అనే గేమ్‌లో పెద్ద కోతి అమ్మాయిని ఎత్తుకుపోతుంది, అది మా కింగ్‌కాంగ్‌ అన్నారు. అప్పటికి అమెరికాలో నింటెండో ఇంత పెద్దది కాదు. వాళ్ళ లాయర్ జాన్ కిర్బీ పాత కాగితాలు తవ్వితే ఏం బయటపడిందంటే, 1975లో వేరే గొడవలో అదే యూనివర్సల్ వాళ్ళు, కింగ్‌కాంగ్ కథ అందరిదీ, ఎవరి సొత్తూ కాదు అని కోర్టుకి చెప్పుకుని గెలిచారు! నింటెండో గెలిచింది, 1984లో అప్పీల్లో కూడా నిలబడింది. ఆ లాయర్ పేరే తర్వాత వాళ్ళ గులాబీ రంగు హీరో కిర్బీకి పెట్టారంటారు. అప్పుడు పోలిక తప్పు కాదన్న కంపెనీయే ఇప్పుడు గోళం విసరడం మాది అంటోంది. పెద్దవాళ్ళు నిన్న ఎక్కి వచ్చిన నిచ్చెనని ఇవాళ పైకి లాక్కోవడం ఒక్క గేమ్‌లలోనే చూస్తున్నామా?

ఇక మన గదుల్లోని ఫ్రీ ఫైర్. 2022 జనవరిలో పబ్‌జీ సొంతదారు క్రాఫ్టన్ కంపెనీ, ఫ్రీ ఫైర్ తీసే గరీనా మీద కాలిఫోర్నియాలో కేసేసింది. ఆపిల్‌నీ గూగుల్‌నీ కూడా లాగింది, మీ స్టోర్లలో అమ్ముతున్నారు కాబట్టి మీరూ బాధ్యులే అని. ఆకాశం నుంచి దూకడం, పెట్టెలు పడటం, ఆయుధాల ఎంపిక, చోట్లు, రంగులు, అన్నీ మావే అంది. గరీనా అదంతా ఆధారం లేని మాట అంది. అంతకుముందు 2018లో నెట్‌ఈజ్ అనే చైనా కంపెనీ మీద కేసేసినప్పుడు పెనం సంగతి కూడా రాశారు. అవును, అట్లు పోసుకునే పెనమే. దాన్ని వీపుకి కట్టుకుంటే తూటా తగలదన్నది పబ్‌జీలోని సరదా. ఆ కేసు మరుసటి ఏడాది రాజీ అయ్యింది. ఒక ద్వీపంలో అందరినీ వదిలి చివరికి ఒక్కడే మిగలాలన్న ఊహ మాత్రం పబ్‌జీది కూడా కాదు. బ్యాటిల్ రాయల్ అనే జపాన్ నవల 1999లో వచ్చింది, 2000లో సినిమా అయ్యింది. ఈ ఆటల జాతికి ఆ పేరు అక్కడి నుంచే అంటుకుంది.

(మన దేశంలో 2020 సెప్టెంబర్‌లో పబ్‌జీ మొబైల్ పోయింది, 2022 ఫిబ్రవరిలో ఫ్రీ ఫైర్ పోయింది. ఆ రెండూ ప్రభుత్వ నిషేధాలు, కాపీ గొడవతో సంబంధం లేదు. గ్రూపులో కొందరు రెంటినీ కలిపేస్తున్నారు కాబట్టి చెప్తున్నాం.)

ఇప్పటిదాకా చదివి ‘అయితే కాపీ కొట్టినా ఏం కాదన్నమాట’ అనుకునే తమ్ముళ్ళు టెట్రిస్ కేసు చూడాలి. ఐఫోన్లో మినో అని ఒక గేమ్ తెచ్చారు, పైనుంచి ముక్కలు పడుతుంటే వరసలు నింపే ఆటే. చేసినవాళ్ళు తెలివిగానే లా చదివి దిగారు. నియమాలకి కాపీరైట్ లేదు కదా, మేము నియమాలే తీసుకున్నాం అన్నారు. 2012లో న్యూజెర్సీలోని కోర్టు, రెండు గేమ్‌ల తెరల్ని పక్కపక్కన పెట్టి చూసింది. ముక్కల ఆకారాలు, మెరుపు, 10 గళ్ళ వెడల్పు 20 గళ్ళ ఎత్తు, పడబోయే చోట నీడ, అన్నీ అచ్చు గుద్దినట్టున్నాయి. వరసలు నింపే ఆట మీదే కావచ్చు, దాన్ని చూపించడానికి వేరే దారులు లక్ష ఉండగా ఇదే ఎందుకు అని అడిగింది. మినో వాళ్ళు ఓడిపోయారు. మా దృష్టిలో అది న్యాయమైన తీర్పు. ఒకరు రాత్రుళ్ళు కూర్చుని గీసినదాన్ని రంగు కూడా మార్చకుండా లేపేసి ‘ఐడియా అందరిదీ’ అంటే కుదరదు.

మన కోర్టు చెప్పిన మాట కూడా ఉంది. కోల్‌కతాకి చెందిన అగర్వాలా అన్నదమ్ములు స్క్రాబులస్ అని ఒక ఆట తయారు చేశారు, ఫేస్‌బుక్‌లో ప్రపంచమంతా ఆడింది. స్క్రాబుల్ అనే అక్షరాల ఆటని పోలి ఉంది, దాచుకోవడానికేం లేదు. అమెరికాలో హాస్‌బ్రో, ఢిల్లీలో మాటెల్ కేసులేశాయి. 2008 సెప్టెంబర్ 17న ఢిల్లీ హైకోర్టు ఏమందంటే, ఆ గళ్ళ పలక మీద కాపీరైట్ నడవదు, ఎందుకంటే డిజైన్ కింద రిజిస్టర్ చేయించుకోదగ్గ వస్తువుని చేయించకుండా ఫ్యాక్టరీలో 50 కంటే ఎక్కువ తయారు చేస్తే మన చట్టంలో ఆ కాపీరైట్ పోతుంది. కానీ పేరు వాళ్ళది, దాన్ని పోలిన పేరు పెట్టుకోవద్దు అంది. అన్నదమ్ములు లెక్సులస్ అని పేరు మార్చుకున్నారు, ఆట సాగింది. పెద్ద కంపెనీ కేసేస్తే అంతా అయిపోయినట్టే అనుకునేవాళ్ళకి ఈ కథ చెప్పండి. పేరులో, బొమ్మలో జాగ్రత్తపడితే ఆట బతుకుతుంది.

ఇంక మన ఇంటి సంగతికొద్దాం, అసలు ఈ పోస్టు రాయడానికి కారణం ఇదే. 3 పులులు, 15 మేకలు (కొన్ని చోట్ల లెక్క మారుతుంది), బండ మీద బొగ్గుతో గీసిన గీతలు. పులి-మేక ఎవరు కనిపెట్టారు? ఎవరూ చెప్పలేరు. పశువులు కాసేవాళ్ళు ఆడారు, తాతలు ఆడారు, మనం ఆడాం. కాబట్టి ఎవరైనా దాన్ని ఫోన్లో పెట్టొచ్చు, మనమే పెట్టాలని రూలు లేదు. అది మంచిదే. కానీ పచ్చీసు గతి చూడండి. మన దేశంలో తరతరాలుగా ఆడిన ఆటని ఇంగ్లండ్‌లో 1896లో లూడో పేరుతో పేటెంట్ చేయించుకున్నారు. అమెరికాలో పార్చీసి అని పేరు మార్చి అంతకుముందే ట్రేడ్‌మార్కు తీసుకున్నారు. ఊరుమ్మడి చెరువులో చేప పట్టుకోవడం ఒకటి, చెరువు చుట్టూ కంచె వేసి టికెట్ పెట్టడం ఇంకొకటి. ఆలోచన అందరిదీ అన్న సూత్రం మనలాంటోళ్ళకే ఎక్కువ అవసరమని మేము గట్టిగా అనేది ఇందుకే.

అయితే ఆ సూత్రమే మనల్ని ఇంకోవైపు నుంచి కోస్తుంది. కాపీరైట్‌కి ఒక రచయిత కావాలి, అతను పోయాక 60 ఏళ్ళ లెక్క కావాలి. గుస్సాడీ నెమలి ఈకల కిరీటానికి రచయిత ఎవరు? సవరల గోడ బొమ్మకి ఎవరు? లంబాడా అద్దాల కుట్టుకి ఎవరు? ఒక ఫొటోగ్రాఫర్ గుస్సాడీ ఫొటో తీస్తే ఆ ఫొటో మీద ఆయనకి హక్కు పుడుతుంది. ఆ కిరీటం ఎలా కట్టాలో తరాల తరబడి నేర్పుతున్న గూడేనికి కాపీరైట్ చట్టంలో పేరే లేదు. రేపు ఏదో పెద్ద కంపెనీ గుస్సాడీ వేషాన్ని గేమ్‌లో రాక్షసుడికి తొడిగి, కాల్చి చంపితే పాయింట్లు ఇస్తే? దండారిలో ఆ వేషాన్ని దేవుడిగా చూసే మనం ఏ సెక్షన్ కింద అడగాలి? ఆదిలాబాద్ డోక్రాకి 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, ఓజా కుటుంబాలకి అది కొంత అండ. కానీ ఆ గుర్తింపు సరుకు పేరుని కాపాడుతుంది, దాని రూపాన్ని తెర మీద వాడుకుంటే ఆపదు.

ఆపే మార్గం లేదా అంటే, చట్టం బయట కొన్ని ఉన్నాయి. 2001లో లెగో కంపెనీ బయోనికిల్ బొమ్మల్లో న్యూజిలాండ్ మావోరీల మాటలు వాడింది. తొహుంగా అంటే వాళ్ళలో విద్య తెలిసిన పెద్ద, ఆ పేరు ప్లాస్టిక్ బొమ్మలకి పెట్టారు. మావోరీలు అభ్యంతరం చెప్పారు, కంపెనీ కొన్ని పేర్లు మార్చుకుంది. ఇంకా మంచి దారి అలాస్కాలో కనిపించింది. అక్కడి ఆదివాసీల సంస్థ కుక్ ఇన్‌లెట్ ట్రైబల్ కౌన్సిల్, ఒక గేమ్ కంపెనీతో కలిసి 2014లో నెవర్ ఎలోన్ అనే ఆట తెచ్చింది. ఒక ఇన్యుపియాక్ అమ్మాయి, ఒక తెల్ల నక్క, ఆగని మంచు తుఫాను. కథ చెప్పేది వాళ్ళ భాషలోనే. ఆ కథని పూర్వం చెప్పిన పెద్దాయన రాబర్ట్ నాస్రుక్ క్లీవ్‌లాండ్ బతికి లేకపోతే, ఆయన కూతుర్ని కలిసి అనుమతి తీసుకున్నారు. ఏ చట్టమూ అడగమని చెప్పలేదు. అడగడం వాళ్ళ పద్ధతి కాబట్టి అడిగారు. ఆ గేమ్‌కి బ్రిటన్ వాళ్ళ బాఫ్టా అవార్డు కూడా వచ్చింది.

గ్రూపులో ఒక అన్న, ‘మనం కూడా మన కళలన్నిటికీ కాపీరైట్, పేటెంట్ చేయించేద్దాం, ఎవడూ ముట్టుకోకుండా’ అన్నారు. ఆ కోపం మాకర్థమవుతుంది. కానీ ఎవరి పేరు మీద చేయిస్తారు? ఒక సంఘం పేరు మీదా? అయితే పక్క జిల్లా గూడెం వాళ్ళు రేపు తమ నెమలి ఈకలకి ఆ సంఘం దగ్గర చీటీ తెచ్చుకోవాలి. కంచె మనం వేసినా కంచే. మాకు కావాల్సింది వేరే. ఒక తెగ పవిత్రంగా చూసుకునేదాన్ని వ్యాపారానికి వాడేముందు ఆ గ్రామసభని అడగాలన్న నియమం. అటవీ హక్కుల్లో, పెసాలో గ్రామసభ మాటకి చోటుంది. బొమ్మల విషయంలో ఎందుకుండకూడదు? దీని మీద వేరే పోస్టు రాయాలి, ఇక్కడ తేలేది కాదు.

రెండో జట్టు పిల్లలకి మేము చెప్పింది ఇది. జంతువుల్ని మచ్చిక చేసుకునే ఆట ధైర్యంగా చేయండి, అది ఎవరి జాగీరూ కాదు. పోకెమాన్ అన్న మాట పేరులో, ప్రచారంలో ఎక్కడా వద్దు. జంతువుల్ని మన అడవిలోవే తీసుకోండి, అలుగు, ఎలుగు, కొండగొర్రె, దుప్పి. జపాన్ బొమ్మ చూసి చెవులు మార్చడం కంటే అలుగుని చూసి గీయడం సులువు కూడా. కొమురం భీం కథ కావాలంటే పెట్టుకోండి. 1940లో జోడేఘాట్‌లో ఒరిగిన మనిషి ఎవరి సొత్తూ కాదు. కానీ సినిమాలో వేసిన హీరో ముఖం, ఆ సినిమా పాట, ఆ సినిమా డైలాగు మీవి కావు. నెట్‌లో ఫ్రీగా దొరికిన తుపాకీ శబ్దం కూడా ఎవరిదో, ఏ షరతు మీద ఇచ్చారో చదవండి.

ఇంకొకటి, దీన్ని ఎవరూ పట్టించుకోరు. బొమ్మలు గీసిన చెల్లి, కోడ్ రాసిన తమ్ముడు స్నేహితులే కావచ్చు. గీసిన క్షణమే ఆ బొమ్మ మీద కాపీరైట్ ఆ చెల్లిదే, రిజిస్ట్రేషన్ చేయించకపోయినా. గేమ్ అందరిదీ కావాలంటే కాగితం మీద రాసుకుని సంతకాలు పెట్టుకోవాలి, నోటిమాట చెల్లదు. ఎంత కాలానికో రాయకపోతే 5 ఏళ్ళకే అనుకుంటారు, ఎక్కడెక్కడో రాయకపోతే మన దేశం వరకే అనుకుంటారు, చట్టంలోనే అలా ఉంది. బయటి కంపెనీ ఎవరైనా ‘మీ గేమ్ మేము వేస్తాం’ అని కాగితం తెస్తే, సంతకానికి ముందు ఈ గ్రూపులో పెట్టండి. మన పెద్దలు వేలిముద్రలేసి ఏం పోగొట్టుకున్నారో కొత్తగా చెప్పక్కర్లేదు.

పిల్లలు మళ్ళీ పని మొదలుపెట్టారు. పులి-మేక జట్టు వాళ్ళు మాత్రం, గెలిచిన పులికి గుస్సాడీ కిరీటం పెడితే బాగుంటుంది, పెట్టొచ్చా అని అడిగారు. అది మేము చెప్పే మాట కాదు. దీపావళికి ఊరెళ్ళినప్పుడు దండారి కట్టే పెద్దల్ని అడిగి రమ్మన్నాం. అప్పటిదాకా వాళ్ళ పులులు బోడి తలతోనే తిరుగుతాయి.